ఆ గౌనుకు బిల్లు ఎవరు కట్టిన్రు?

పాత హాలీవుడ్ సినిమాల్లో కాస్ట్యూమ్ డ్రామా అని ఒక రకం ఉంది. నేలను ఊడ్చే గౌన్లు, గుర్రపు బగ్గీలు, కొవ్వొత్తుల వెలుగులో డ్యాన్సులు, తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ల పేర్లు గట్టిగా చదివే నౌకరు. వీటిలో చాలావాటికి కథ ఒకటే. కింది మెట్టు మీద పుట్టిన మనిషి, ఎక్కువసార్లు ఒక అమ్మాయి, పై మెట్టు ఎక్కాలనుకుంటుంది. చేతిలో డబ్బుండదు, వెనక వంశముండదు. ఉన్నదల్లా మాట, ముఖం, తెలివి, ఒంటి మీది బట్ట. ఇంగ్లిష్‌వాళ్లు దీన్ని సోషల్ క్లైంబింగ్ అంటారు. మన ఊర్లల్ల అంత పెద్ద పేరేం లేదు. "వాడు పెద్దోళ్లల్ల కలుస్తున్నడు" అంటారు. ఆ మాటలో సగం మెచ్చుకోలు, సగం ఎత్తిపొడుపు ఉంటాయి.

ఈ వ్యాసంలో అలాంటి ఒక సినిమాతో మొదలుపెట్టి మన కరీంనగర్ దాకా వస్తాను. దారిలో కలిసే ప్రతి కథనూ ఒకటే ప్రశ్న అడుగుతాను: పైకెక్కిన మనిషి వేసుకున్న బట్టకు బిల్లు ఎవరు కట్టారు?

బెకీ షార్ప్ అనే పిల్ల

సినిమా పేరు "బెకీ షార్ప్". 1935లో వచ్చింది. దర్శకుడు రూబెన్ మమూలియన్, బెకీగా వేసింది మిరియమ్ హాప్కిన్స్. ఈ పాత్రకు ఆమె ఉత్తమ నటి ఆస్కార్‌కు నామినేట్ అయింది. కథకు మూలం థాకరే నవల "వానిటీ ఫెయిర్". అది 1847, 48 సంవత్సరాల్లో నెలనెలా భాగాలుగా అచ్చయింది. ఆ నవల ఆధారంగా లాంగ్డన్ మిచెల్ 1899లో ఒక నాటకం రాశాడు. సినిమావాళ్లు ఆ నాటకాన్ని తీసుకున్నారు.

బెకీ తండ్రి డబ్బులేని చిత్రకారుడు, తల్లి ఫ్రెంచ్ నర్తకి. ఇద్దరూ చనిపోయారు. గొప్పింటి ఆడపిల్లలు చదివే స్కూల్లో ఆమెకు చోటు దొరికింది, కానీ వాళ్లతో సమానంగా కాదు. చిన్నపిల్లలకు ఫ్రెంచ్ చెప్పి తన తిండి తాను సంపాదించుకోవాలి. స్కూలు వదిలి పోతున్న రోజు, అక్కడ ఇచ్చిన డిక్షనరీని బండి కిటికీలోంచి బయటికి విసిరేస్తుంది. ఆ విసురులోనే మనకు ఆమె అర్థమైపోతుంది.

అక్కడి నుంచి ఒక్కొక్క మెట్టు. స్నేహితురాలు అమీలియా అన్న జాస్ మీద గురి పెడుతుంది, అది కుదరదు. ఒక జమీందారు ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పడానికి చేరి, ఆ ఇంటి కొడుకు, సైన్యంలో ఉన్న రాడన్ క్రాలీని రహస్యంగా పెళ్లి చేసుకుంటుంది. రాడన్‌కు వస్తుందనుకున్న మేనత్త ఆస్తి రాకుండా పోతుంది. అయినా బెకీ ఆగదు. లార్డ్ స్టెయిన్ అనే ముసలి ప్రభువు దాపున లండన్ పెద్దల ఇళ్లల్లో కుర్చీ సంపాదిస్తుంది. ఒక రాత్రి భర్త కంట పడి మొత్తం కూలిపోతుంది.

చూస్తున్నంతసేపూ మనం బెకీ వైపే ఉంటాం. ఎందుకంటే ఆమె చుట్టూ ఉన్న పెద్దమనుషులు ఆమెకన్నా మంచివాళ్లేం కారు. వాళ్లకు ఆస్తి ముందే ఉంది, అంతే తేడా. ఏడాదికి సరిపోయేంత రాబడి ఉంటే తానూ మంచిదాన్నేనని నవలలో బెకీ ఒకచోట అనుకుంటుంది. ఆ మాట కొట్టిపారేయలేం.

కానీ నవలలో ఇంకో మనిషి ఉన్నాడు. పేరు రాగ్ల్స్. రాడన్ మేనత్త ఇంట్లో ఏండ్ల తరబడి పనిచేసి, పైసా పైసా దాచి, కూరగాయల దుకాణం పెట్టి, చివరికి లండన్‌లో మంచి వీధిలో ఒక ఇల్లు కొన్నాడు. ఆ ఇంటినే బెకీ, రాడన్ కిరాయికి తీసుకున్నారు. కిరాయి కట్టరు. దుకాణం నుంచి వచ్చిన సరుకులకూ కట్టరు. దొరల ఇంటివాళ్లు కదా, ఎక్కడికి పోతారులే అని రాగ్ల్స్ నమ్మాడు. బెకీ గొప్పగా బతికిన రోజులన్నీ ఆయన అప్పు మీదే నడిచాయి. చివరికి ఆయన దివాలా తీసి జైలు పాలవుతాడు. విచిత్రం ఏందంటే, ఈ కథలో నిజాయితీగా మెట్లెక్కిన మనిషి ఆయనే. బెకీ ఎక్కింది ఆయన భుజాల మీద. 84 నిమిషాల సినిమాలో ఇలాంటి వాళ్లకు చోటు తక్కువ. తెర నిండా గౌన్లే కనబడతాయి.

రంగుకు గూడ ఖర్చుంది

ఇంజినీరింగ్ వాళ్లం కాబట్టి ఈ ముక్క వదలబుద్ధి కాదు. మూడు పట్టీల టెక్నికలర్‌లో మొదటి నుంచి చివరి దాకా తీసిన మొట్టమొదటి పూర్తి నిడివి కథాచిత్రం "బెకీ షార్ప్". అంతకుముందు ఆ పద్ధతిలో డిస్నీ కార్టూన్ "ఫ్లవర్స్ అండ్ ట్రీస్" 1932లో వచ్చింది. "లా కుకరాచా" అనే చిన్న సినిమా 1934లో వచ్చింది.

పని ఇట్ల జరుగుతుంది. కెమెరా లెన్స్ వెనక ఒక ప్రిజం వచ్చిన వెలుగును రెండుగా చీలుస్తుంది. ఒక దారిలో ఆకుపచ్చ భాగం ఒక ఫిల్మ్ మీద పడుతుంది. ఇంకో దారిలో ఒకదానికొకటి ఆనించిన రెండు ఫిల్ములు ఉంటాయి, వాటి మీద నీలం, ఎరుపు భాగాలు నమోదవుతాయి. ఈ మూడూ నలుపు తెలుపు నెగటివ్‌లే. తర్వాత ఒక్కోదాని నుంచి ఒక్కో అచ్చు తయారుచేసి, దానికి రంగు పట్టించి, ఖాళీ ఫిల్మ్ మీద ఒకదాని మీద ఒకటి అద్దుతారు. మన దగ్గర బట్టల మీద అచ్చులతో రంగులు అద్దినట్టే. అద్దేవాడి చెయ్యి కొంచెం కదిలితే బట్ట ఎలా పాడవుతుందో, ఇక్కడా అచ్చులు వెంట్రుకవాసి తప్పితే బొమ్మ చెదిరిపోతుంది. వెలుగును ఇన్ని ముక్కలు చేస్తారు కాబట్టి సెట్ మీద విపరీతమైన లైట్లు కావాలి. ఆ వేడిలో బరువైన వెల్వెట్ బట్టలు వేసుకుని నటించాలి.

ఈ రంగును మమూలియన్ ఎలా వాడాడో చూడాలంటే ఒక సీను చాలు. బ్రసెల్స్‌లో డ్యాన్సు జరుగుతుంటుంది. వాటర్లూ యుద్ధం ముంచుకొచ్చింది. 1815 జూన్ 15 రాత్రి రిచ్మండ్ డచెస్ ఇచ్చిన నిజమైన విందే ఈ సీనుకు మూలం. ఫిరంగుల మోత వినబడగానే జనం పరుగులు తీస్తారు. ముందు నెమ్మది రంగుల బట్టలవాళ్లు, తర్వాత ముదురు రంగులవాళ్లు, చివరికి ఎర్ర కోట్ల సైనికాధికారులు తెర మీదుగా పోతారు. లెక్క ప్రకారం ముందు పరుగెత్తాల్సింది సైనికాధికారులే. కానీ ఎరుపు చివర్లో వస్తేనే భయం పెరుగుతుందని దర్శకుడు తెలిసే వరుస మార్చాడు. అందరూ ఎటు పోతున్నా బెకీ మాత్రం తన దారి చూసుకుంటూనే ఉంటుంది.

మన తెలుగులో మొత్తం రంగుల్లో వచ్చిన మొదటి సినిమా "లవకుశ", 1963లో. అంటే "బెకీ షార్ప్" తర్వాత 28 ఏండ్లకు.

మిరపకాయ తిన్న బెకీ

నవలలో ఒక తమాషా సంగతి ఉంది. జాస్ మన దేశంలో కంపెనీ కలెక్టరుగా పనిచేసి సెలవు మీద పోయినవాడు. వాళ్లింట్లో ఇండియా కూర వండుతారు. అతని మెప్పు కోసం బెకీ కూర నోట్లో పెట్టుకుని, కారానికి తట్టుకోలేక ఉంటే, జాస్ "చిల్లీ" తినమంటాడు. ఇంగ్లిష్‌లో ఆ మాట చల్లదనానికి గూడ అట్లనే వినబడుతుంది కదా. పాపం, చల్లటిదేదో అనుకుని పచ్చి మిరపకాయ కొరుకుతుంది. పైకెక్కడానికి మొదటి ప్రయత్నంలోనే మన మిరపకాయ ఆమె నోరు కాల్చింది.

నవ్వి వదిలేయొచ్చు. కానీ జాస్ డబ్బు ఎక్కడిది? నవలాకారుడు థాకరే పుట్టింది 1811లో కలకత్తాలో. తండ్రి రిచ్మండ్ థాకరే బెంగాల్‌లో ఈస్ట్ ఇండియా కంపెనీ రెవెన్యూ ఉద్యోగి. ఇక్కడి రైతు కట్టిన శిస్తుతో జీతాలు తీసుకుని, లండన్‌లో ఇండ్లు కొని, అక్కడి పెద్దల వరుసలో చేరిన కంపెనీ దొరలు ఆ రోజుల్లో ఎందరో. అందరూ ఎక్కుతున్న ఆ లండన్ నిచ్చెనకు కొన్ని మెట్లు ఈ దేశపు కట్టెతో చేసినవే. 2004లో మీరా నాయర్ రీస్ విదర్‌స్పూన్‌తో ఇదే నవలను మళ్లీ తీసింది.

పరదా గౌను కుట్టిన చేతులు

బెకీ షార్ప్ తర్వాత నాలుగేండ్లకు ఇంతకన్నా పెద్ద కాస్ట్యూమ్ డ్రామా వచ్చింది, "గాన్ విత్ ద విండ్", 1939. యుద్ధంలో అన్నీ పోగొట్టుకున్న స్కార్లెట్, ఇంటి శిస్తుకు డబ్బు పుట్టించాలని, కిటికీకి వేలాడే ఆకుపచ్చ పరదాలు తీసి గౌను కుట్టిస్తుంది. లేనిది ఉన్నట్టు చూపించడానికి బట్టను మించిన సాధనం లేదని ఇంత సూటిగా చెప్పిన సీను ఇంకోటి దొరకదు. అందరికీ ఆ గౌను గుర్తుంటుంది. కుట్టడానికి కూర్చున్న మామీ గుర్తుండదు. ఆమె ఆ ఇంట్లో బానిసగా పనిచేసిన నల్లజాతి స్త్రీ.

మామీ పాత్ర వేసిన హాటీ మెక్‌డానియల్ 1940లో ఆస్కార్ గెలిచింది. ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి మనిషి ఆమే. అవార్డు ఇచ్చిన రాత్రి ఆ హోటల్లో ఆమెను సినిమా బృందంతో కూర్చోనీయలేదు, ఒక పక్కకు వేరే టేబుల్ వేశారు. తెర మీద ఎవరు ఎక్కొచ్చో, తెర బయట ఎవరు ఎక్కొచ్చో అప్పటికి రెండూ ఒకటే చేతిలో ఉన్నాయి.

తోటరాముడు, గిరీశం

మన సినిమాల్లో ఈ కథ లేదా అంటే ఉంది. మొదట జానపదంగా వచ్చింది. "పాతాళ భైరవి", 1951, దర్శకుడు కె.వి. రెడ్డి. తోటమాలి కొడుకు రాముడు ఉజ్జయిని రాకుమారిని ప్రేమిస్తాడు. ముందు తనతో సమానమైన సంపద తెచ్చుకో, తర్వాత పిల్లనిస్తా అంటాడు రాజు. ఆ షరతును ఏ లండన్ పెద్దమనిషీ ఇంత నిజాయితీగా పైకి చెప్పడు. రాముడికి మాయల ప్రతిమ దొరుకుతుంది, రాత్రికి రాత్రి భవనం లేస్తుంది. ఈ కథలో బిల్లు ఎవరి మీదా పడదు, అందుకే అది జానపదం. చూసి హాయిగా నిద్రపోతాం.

అదే ఎన్టీ రామారావు నాలుగేండ్లకు, 1955లో, "కన్యాశుల్కం"లో గిరీశం వేశాడు. దర్శకుడు పి. పుల్లయ్య, మధురవాణిగా సావిత్రి. గురజాడ నాటకాన్ని మొదట విజయనగరంలో 1892లో ఆడారు, 1897లో అచ్చు వేశారు, బాగా మార్చి పెంచిన రూపం 1909లో వచ్చింది. గిరీశం చేతిలో మాయల ప్రతిమ లేదు. ఇంగ్లిష్ ఉంది. చుట్టూ ఉన్నవాళ్లకు సగం అర్థమై సగం కాకుండా ఉండే ఇంగ్లిష్. అది అతని గౌను. దాని మీద సంఘసంస్కరణ అనే శాలువా గూడ కప్పుకుంటాడు. వితంతు వివాహం గురించి ఉపన్యాసాలిస్తూ బుచ్చమ్మ మీద, ఆమె ఆస్తి మీద కన్నేస్తాడు.

బిల్లు? నాటకం మొదట్లోనే ఉంది. సామాన్లు కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర 20 రూపాయలు పట్టుకుపోయి మధురవాణి మీద ఖర్చుపెట్టాడు. పూటకూళ్లమ్మ మన రాగ్ల్స్. కాకపోతే రాగ్ల్స్‌లా నోరు మూసుకుని కూర్చోలేదు, చీపురు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది. ఆ దెబ్బ రామప్పపంతులుకు పడటం వేరే సంగతి. ఇంగ్లిష్ నవలలో దొరకని సంతోషం మనకు ఇక్కడ దొరుకుతుంది.

ఈ నాటకం నిండా వేషాలే. మగపిల్లవాడికి ఆడపిల్ల వేషం కట్టి పెళ్లికూతురని అమ్ముతారు. మధురవాణి మగ వేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి పోతుంది. నా ఉద్దేశంలో బెకీకి నిజమైన అక్క మధురవాణే. తెలివిలో ఇద్దరూ సమానం. తేడా ఎక్కడంటే, మధురవాణి తన తెలివిని చివరికి ఇంకొకరి ఆపద తీర్చడానికి వాడుతుంది. గిరీశం ఎక్కిన నిచ్చెనను పడగొట్టేదీ ఆమే.

షేర్వాణీ, ఉర్దూ

విజయనగరంలో ఇంగ్లిష్ ఎట్లనో, నిజాం రాజ్యంలో ఉర్దూ అట్ల. కొలువు కావాలంటే ఉర్దూ రావాలి, ఒంటి మీద షేర్వాణీ ఉండాలి. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్‌లో సంఘసంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కర్వే. వేరే భాషల ఉపన్యాసాలు విన్న ఆ సభ, అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే గోల చేసి ఎగతాళి చేసింది. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాషకు రాజధానిలో దక్కిన మర్యాద అది. ఆ అవమానం నుంచే కొందరు కలిసి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. తర్వాత వచ్చిన ఆంధ్ర మహాసభకు వేరు అక్కడుంది.

మన సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేటలో పుట్టిన సినారె గూడ చదివింది ఉర్దూ మీడియంలోనే. ఆ నిచ్చెన మీదుగానే చదువు సాగించి, తెలుగు కవిగా 1988 సంవత్సరపు జ్ఞానపీఠం తెచ్చుకున్నాడు. పై మెట్టు భాష నేర్చుకోవడం తప్పు కాదని, కింది మెట్టు భాషను తన్నేయకపోతే చాలని ఆయన జీవితం చూస్తే అనిపిస్తుంది.

గడి లోపల నిచ్చెన లేదు

ఆ 1988లోనే "దాసి" వచ్చింది. బి. నర్సింగరావు తీసిన సినిమా. 1920ల నాటి తెలంగాణ, ఒక దొర గడి, అందులో కమలాక్షి అనే దాసి. పాత్ర వేసింది అర్చన. లెక్కకు ఇది గూడ కాస్ట్యూమ్ డ్రామానే: పాత కాలం, పెద్ద భవనం, ఆనాటి బట్టలు, నగలు. జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంతో పాటు నటి, ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం, దుస్తుల రూపకల్పన, మొత్తం అయిదు వచ్చాయి. దుస్తులకు సుదర్శన్‌కు, కెమెరాకు ఎ.కె. బీర్‌కు. కళాదర్శకత్వానికి తోట వైకుంఠానికి. ఈయన అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు. పెద్ద బొట్టు, మెరిసే చీరల తెలంగాణ ఆడవాళ్ల బొమ్మలు ఎక్కడ చూసినా ఇవి వైకుంఠం బొమ్మలని గుర్తుపడతాం కదా, ఆయనే.

గడి అంటే ఇప్పటి పిల్లలకు పాడుపడ్డ గోడలు. అప్పుడు అదే కచేరి, అదే ఠాణా. చుట్టూ ఎత్తు గోడ, పెద్ద దర్వాజ. ఊర్లో ప్రతి కులం వంతు ప్రకారం వెట్టి చేయాలి. గడి ముందర నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకుని పోయేవాళ్లమని ఇప్పటికీ ముసలోళ్లు చెప్తారు. "బాంచెన్ దొరా, కాల్మొక్త" అన్నది పలకరింపు. దొరసాని పెండ్లి చేసుకుని వచ్చేటప్పుడు సామాన్లతో పాటు ఆడపిల్లలను గూడ వెంట పంపే ఆచారం ఉండేది. వాళ్లను ఆడబాపలు అన్నారు. దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్లు" నవలలో ఆ బతుకు కనబడుతుంది.

"దాసి" చూస్తుంటే బెకీ షార్ప్‌కు పూర్తి తిరగేసిన బొమ్మలా అనిపించింది. బెకీ ఒక్కో గదిలోకి అడుగుపెడుతుంటే ఒక్కో మెట్టు ఎక్కినట్టు. కమలాక్షి గడిలోని అన్ని గదుల్లో తిరుగుతుంది, అన్ని పనులూ ఆమెవే, దొర పడకగదితో సహా. అయినా ఒక్క మెట్టు పైకి పోదు. లార్డ్ స్టెయిన్ దగ్గర బెకీకి బేరం ఆడే వీలుంది. దొర ముందు కమలాక్షికి బేరం లేదు. దొర వల్ల కడుపు వస్తే దాన్ని ఉంచుకునే హక్కు గూడ లేదు, తీయించేస్తారు. బట్ట మార్చుకుని వేరే మనిషిలా కనబడే అవకాశం బెకీ కథకు ప్రాణం. ఇక్కడ కట్టుకున్న చీరే ఈమె దాసి అని చెప్తుంది. సినిమాలో మాటలు తక్కువ, నెమ్మదిగా నడుస్తుంది. మొదట విసుగొచ్చినా, కాసేపటికి ఆ నిశ్శబ్దంలోనే గడి ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది.

బెకీ నిచ్చెన ఎక్కినందుకు చెడ్డదా మంచిదా అని సాహిత్య విమర్శకులు ఎంతో రాశారు. కమలాక్షి పక్కన పెట్టి చూస్తే ఆ ప్రశ్న చిన్నదైపోతుంది. మెట్లెక్కే మనిషిని తిట్టాలన్నా మెచ్చాలన్నా ముందు మెట్లుండాలి. గడి మొత్తం వైభవానికి బిల్లు కట్టింది కమలాక్షి లాంటివాళ్లు, చెమటతో, శరీరంతో. వాళ్లకు ఆ బిల్లు చూపించినవాళ్లు గూడ లేరు.

ఈ కథకు మన జిల్లాలో ఇంకో ముగింపు ఉంది. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో వేలమంది రైతు కూలీలు కదిలారు. దాన్నే జగిత్యాల జైత్రయాత్ర అంటారు. వెట్టి వద్దు, కూలి రేటు పెంచాలి, దొరలు ఆక్రమించిన భూములు వదలాలి అన్నారు. తర్వాతి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఏదో ఒక మనిషి తెలివితో గోడ దూకడం కాకుండా, గోడనే అడిగిన రోజులవి. హాలీవుడ్ కాస్ట్యూమ్ డ్రామాకు ఇలాంటి క్లైమాక్స్ ఊహకు రాదు, ఎందుకంటే అక్కడ కెమెరా ఎప్పుడూ ఒక్క మనిషి గౌను వెంటే పోతుంది.

మరి మన సంగతి

ఇదంతా ఇంజినీరింగ్ కాలేజీ పత్రికలో ఎందుకంటే, మనమందరం గూడ నిచ్చెన మీదున్నవాళ్లమే. ప్లేస్‌మెంట్లు దగ్గరికి రాంగనే హాస్టళ్లల్ల ఫార్మల్స్ ఇస్త్రీలు, బూట్లు అప్పు తీసుకునుడు, "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" బట్టీ పట్టుడు మొదలైతది. టై కట్టుడు యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంటాం. ఇందులో తప్పేం లేదు. బెకీ చేసింది ఇదే, గిరీశం చేసింది ఇదే, మనకన్నా వాళ్లు కొంచెం ఎక్కువ అబద్ధాలు చెప్పారు, అంతే.

నాకు ఇబ్బందిగా అనిపించేది ఇంకోటి. ఫార్మల్స్‌తో పాటు కొందరు మాటను గూడ మారుస్తారు. "గిట్ల" అంటే నామోషీ. ఇంటి నుంచి ఫోన్ వస్తే కారిడార్ చివరికి పోయి మాట్లాడతారు. చాలా ఏండ్లు సినిమాల్లో తెలంగాణ మాటను జోకర్లకో రౌడీలకో పెట్టారు కాబట్టి ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. అయితే సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి 2023లో "బలగం" తీస్తే, మన ఊరి చావింటి మాటలు మొత్తం రెండు రాష్ట్రాల్లో జనం ఏడుస్తూ విన్నారు. భాష మార్చకుండానే ఆ సినిమా అంత దూరం పోయింది. ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ మాట్లాడదాం, బాగా మాట్లాడదాం. బయటికొచ్చి ఫోన్‌లో అమ్మతో "ఆ, అయిపోయిందే, మంచిగనే చెప్పిన" అనడానికి సిగ్గెందుకు?

ఇక బిల్లు సంగతి. మన క్లాసులో పది మందిని అడిగి చూడండి. ఎవరి అమ్మో బీడీలు చుడుతుంది. వేళ్లకు తునికాకు వాసన పోదు. ఎవరి నాన్నో దుబాయ్‌లోనో మస్కట్‌లోనో క్యాంపులో ఉంటాడు, రెండేండ్లకొకసారి వస్తాడు. ఎవరి ఇంట్లోనో సిరిసిల్ల సాంచాల మోతలోనే పిల్లలు చదువుకున్నారు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి నుంచి వచ్చినవాళ్ల నాన్నలు బాయిలోకి దిగినవాళ్లు. ఆదిలాబాద్ వైపు వాళ్ల ఇండ్లల్లో పత్తి ధర పడిపోయిన ఏడు ఏం జరుగుతుందో వాళ్లే చెప్పాలి. ఇవి గాక ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే అందరి పన్ను డబ్బు. మన ఒంటి మీది తెల్ల చొక్కా కాటన్‌దైతే, ఆ పత్తి ఆదిలాబాద్ నల్లరేగడిలోనే పండి ఉండొచ్చు, దాన్ని ఏరిన చేతులు గూడ కూలికి పోయినవే.

రాగ్ల్స్‌ను మోసం చేశారు, మన అమ్మానాన్నలు ఇష్టపడి ఇస్తున్నారు. ఈ తేడా పెద్దదే. కానీ ఇష్టపడి ఇచ్చినంత మాత్రాన ఇచ్చింది లెక్కలోకి రాకుండా పోదు. రేపు హైటెక్ సిటీలో ఐడీ కార్డు మెడలో వేసుకున్నాక, బీడీల గురించి, సాంచాల గురించి, బాయి గురించి మనం ఎలా మాట్లాడతామో, అసలు మాట్లాడతామో లేదో, అక్కడే మనం బెకీనా మధురవాణా తేలిపోతుంది. మన వెనక ఊరి నుంచి వచ్చే జూనియర్‌కు రెజ్యూమె దిద్దిపెట్టామా, లేక వాడి యాసకు పక్కవాళ్లతో కలిసి నవ్వామా అన్నది గూడ ఆ లెక్కలోదే.

చూడాలనుకునేవాళ్లకు నా సలహా ఒకటే. ముందు "బెకీ షార్ప్" చూడండి, గంటన్నర గూడ పట్టదు. రంగులు, ఆ డ్యాన్సు సీను, హాప్కిన్స్ కండ్లల్లో గడుసుతనం, అన్నీ ఆనందించండి. మధ్యలో "కన్యాశుల్కం" పెట్టుకోండి, నవ్వుకోవచ్చు. "దాసి"ని మాత్రం ఫోన్‌లో కాకుండా నలుగురు కలిసి కొంచెం పెద్ద తెర మీద చూడండి. మూడింట్లోనూ ముందున్న మనిషి బట్టల మీదికే చూపు పోతుంది. ఒకసారి వెనక గోడకు ఆనుకుని, చేతిలో పళ్లెం పట్టుకుని, మాట లేకుండా నిలబడ్డవాళ్ల దిక్కు గూడ చూడున్రి.